రీలు అయిపోయాక మునస్వామి వాయించింది

తిరుపతిలో ఒక మనిషికి సరైన క్రాపు దొరకడం కష్టం. కత్తులకు కొదవ లేదు. కానీ ఊళ్లో చేతులన్నీ గుండుకు అలవాటు పడ్డాయి. ‘వెనకాల కాస్త తగ్గించి, పైన ఉంచప్పా’ అంటే అద్దంలో నావైపు జాలిగా చూస్తారు, ఈయన మొక్కు సగమే తీర్చుకుంటాడేమిటని. పోయిన వారం నేను ఉంచమన్న భాగం కూడా నేల మీద పడి కనిపించింది. అడిగితే, “వస్తాది లే సార్, యాడికి పోతాది” అన్నాడు. అరవై దాటిన తల మీద అంత నమ్మకం పెట్టుకున్న మనిషిని నేను మరొకణ్ణి చూడలేదు.

నా ఉద్యోగం కూడా ఇలాంటిదే, ఏది ఉంచాలి, ఏది కొయ్యాలి అన్నదే. అందుకే ఈ ఫిర్యాదుతో మొదలుపెట్టాను.

ఈ పని ఏమిటంటే

మా వీధిలో ఇద్దరు ముగ్గురు కుర్రవాళ్లు సినిమా సంగీతంలోకి వెళ్తామంటూ నా దగ్గరికి వచ్చారు. ఏం చేసేవారు సార్ మీరు, అని అడిగారు. రీరికార్డింగు చేసేవాణ్ణి అన్నాను. వాళ్ల ముఖాలు చూస్తే, గవర్నరు గారి ఇంట్లో పనిచేశానని చెప్పి వంటింట్లో అని కలిపినట్టుంది.

పాటలు చేసేవారు వేరు. పాటలు లేనిచోట మోగేది ఉంటుంది చూడండి, తలుపు తెరుచుకునేటప్పుడు, ఉత్తరం చదివేటప్పుడు, హీరో మెట్లెక్కేటప్పుడు, అది మా పని. అప్పట్లో సినిమాను ముక్కలుగా తెర మీద వేసి, దాన్ని చూస్తూ వాద్యగాళ్లంతా ఒకేసారి వాయించాలి. నా చేతిలో స్టాప్ వాచీ ఉండేది. ముప్పయ్యో సెకనుకు వయొలిన్లు రావాలి, నలభయ్యోదానికి ఆగాలి. ఒక్కడు తుమ్మితే అందరూ మళ్లీ మొదటినుంచి.

తిరుపతిలో బీయస్సీ చదివాను. గోవిందరాజస్వామి గుడి వెనక ఒక అయ్యవారి దగ్గర ఫిడేలు నేర్చుకున్నాను. రసాయనశాస్త్రంలో లెక్చరరు, సంగీతంలో అయ్యవారు, ఇద్దరూ ఒకే మాట అన్నారు: ఇతను రెండోదానికి పనికొస్తాడని. మద్రాసు బస్సెక్కాను. పద్నాలుగేళ్లు ఒక పెద్ద సంగీత దర్శకుడికి అసిస్టెంటుగా ఉన్నాను. ఆయన్ని పెద్దాయన అనేవాళ్లం. శనివారం ఇంటికి వచ్చి సోమవారం పొద్దున్నే వెళ్లేవాణ్ణి. మా ఆవిడ నన్ను చుట్టంలాగే గౌరవించేది.

చేరిన కొత్తలో ఒక సన్నివేశానికి సంగీతం రాశాను. ముసలాయనకు టెలిగ్రాం వస్తుంది. చదువుతాడు. కొడుకు పోయాడు. పదహారు ఫిడేళ్లతో కన్నీరు కారేలా రాశాను. పెద్దాయన మొత్తం విని, నెమ్మదిగా అడిగారు.

“ఆ ముసలాయనకు చదవడం వచ్చునా?”

“వచ్చండి.”

“మరి నువ్వెందుకు పైకి చదివి వినిపిస్తున్నావు?”

ఈ పనిలో నేర్చుకోవలసింది ఇంతే. నేను ఆ రోజే నేర్చుకున్నాను. మరిచిపోవడానికి పద్నాలుగేళ్లు పట్టింది.

అసూయ గురించి

ఎవరూ రాయరు కాబట్టి నేను రాస్తాను. లారీ డ్రైవర్లకు నడుంనొప్పి ఎలాగో మా పనిలో అసూయ అలాగ. మంచి ఫ్లూటు విన్నప్పుడు పక్కవాళ్లకు ఒళ్లు పులకరించేది, నాకు కడుపులో మండేది. పెద్దాయన మీద అసూయ ఉండేది. భోజనం కాగానే డ్రమ్ముల వెనక నిద్రపోగలిగిన తబలా ఆయన మీద ఉండేది. తెర మీద ‘సంగీతం’ అన్న మాట కింద పేరు పడే ప్రతి మనిషి మీదా ఉండేది. నా పేరు పడేది కాదని కాదు, పడేది. ఇరవైమందితో కలిసి, జనం ఇంకా సీట్లు వెతుక్కుంటుండగా.

ఈ అసూయ మంచిదే, కష్టపడి పనిచేయిస్తుంది, అని కొందరంటారు. నా అనుభవంలో అది చేయించిన పని ఒకటుంది. అదే చెబుతాను.

బెల్లం మండీలో సినిమా

ఎనభైల మొదట్లో చిత్తూరు బెల్లం వ్యాపారి ఒకాయన సినిమా తీయాలనుకున్నాడు. చెంగల్రాయ నాయుడు. ఆయనకు సినిమా పిచ్చి లేదు. ఆరేళ్ల కూతురు మూడు రోజుల జ్వరంతో పోయింది. ఆ తర్వాత ఏడాది పాటు ఆయన మాట్లాడలేదట. మాట్లాడిన మొదటి మాట సినిమా తీస్తానని.

కథ చిన్నది. బిడ్డ పోయిన ఇంట్లో తల్లి రోజూ సాయంత్రం ఆ బిడ్డకు కూడా కంచం పెడుతుంది. బిడ్డ వస్తుంది. వాకిట్లో నిలబడుతుంది, లోపలికి రాదు. తల్లికి కనిపిస్తుంది, తండ్రికి కనిపించదు. ఆఖరి రీల్లో తండ్రికీ కనిపిస్తుంది. ఆ క్షణమే వెళ్లిపోతుంది. సినిమా పేరు చెప్పను, చెప్పినా మీకు గుర్తుండదు.

దర్శకుడు కొత్తవాడు, మంచివాడు. పెద్దాయనను అడిగితే ఆయనకు తీరిక లేక నన్ను చూపించారు. మొదటిసారి, తెర మీద ‘సంగీతం’ అన్న మాట కింద నా పేరు ఒక్కటే పడబోతోంది. మా ఆవిడకు చెబితే, “ఒక్కరే అయితే అక్షరాలు పెద్దవిగా వేస్తారా?” అని అడిగింది. ఆ విషయం నేనప్పటికే దర్శకుణ్ణి అడిగి ఉన్నాను.

నాయుడు మొదటి రోజే ఒక షరతు పెట్టాడు. “మాస్టరు, ఇది దయ్యం సినిమా అని ఎవురన్నా అంటే నాకు కోపం వస్తాది. అది దయ్యం కాదు. బిడ్డ.”

కాబట్టి గజ్జెల చప్పుడు లేదు, కుక్క ఏడుపు లేదు, గాలి ఊళ లేదు. దయ్యాల మీద మాకున్న సామగ్రి మొత్తం ఒక్క మాటతో పోయింది. మిగిలింది శివరంజని రాగం. ఆ కాలంలో తెర మీద ఎవరు పోయినా శివరంజనే, ప్రభుత్వ ఉత్తర్వు లాంటిది. మూడు నెలలు కూర్చుని ఒక బాణీ కట్టాను. మండీలో బెల్లం దిమ్మెల మధ్య చాప వేసి, హార్మోనియం మీద నాయుడుకూ ఆయన భార్య రత్నమ్మకూ వినిపించాను. ఈగలు కూడా మర్యాదగా విన్నాయి.

నాయుడు కళ్లు మూసుకుని విన్నాడు. రత్నమ్మ కళ్లు తెరుచుకుని విన్నది. ఆమె మొదటి రోజు నుంచీ నన్ను అన్నా అనే పిలిచేది.

“బాగుండాదన్నా” అంది. ఆస్పత్రి రొట్టెను రోగి మెచ్చుకునే గొంతు. హార్మోనియం వైపు చూసి, “ఇది బిడ్డ పోయినాక మనం ఏడ్చేది గదా. బిడ్డ వచ్చేటప్పుడు ఏం మోగుతాది?” అని అడిగింది.

నేను నవ్వాను.

“మునస్వామిని అడగండి” అంది. “నా బిడ్డ వచ్చినప్పుడు వాయించింది ఆయప్పే.”

తపస్సుమాను

చిత్తూరు వైపు ఏటా భారతం జరుగుతుంది. పద్దెనిమిది రోజులు. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. మధ్యలో ఒక రోజు అర్జునుడి తపస్సు. అది పగటిపూటే. తాటిమాను నిలబెట్టి మెట్లు కొడతారు. అర్జునుడి వేషగాడు మెట్టుకో పద్యం పాడుతూ పైకి పోతాడు. కింద బిడ్డలు లేని ఆడవాళ్లు తడిచీరలతో మాను చుట్టూ సాష్టాంగపడి ఉంటారు. పైనుంచి అతను నిమ్మకాయలు, విభూతి పండ్లు విసురుతాడు. కొంగులో పడినామెకు బిడ్డ పుడుతుందని నమ్మకం. ఏడేళ్లు బిడ్డలు లేని రత్నమ్మ కొంగులో ఒక ఏడాది నిమ్మకాయ పడింది. ఆ బిడ్డే ఈ బిడ్డ.

ఆ మాను కింద వాయించేది ముఖవీణ. పేరుకు వీణ గానీ అది ఊదేది, సన్నాయికి చిన్న తమ్ముడు లాంటిది, నా ఫిడేలు కమానులో సగం ఉండదు. వాయించేవాడు మునస్వామి. యాభై ఏళ్లుంటాయి, ముందరి పన్ను ఒకటి లేదు. దర్శకుడు నన్ను తీసుకుపోయి ఎండలో నిలబెట్టాడు. ఏమాత్రం బాగుండకూడదని కోరుకుంటూ విన్నాను.

అర్జునుడు ఎక్కుతున్నాడు. మునస్వామి ఒక స్వరం పట్టుకున్నాడు. దాని మీదికి పోకుండా చుట్టూ తిరుగుతున్నాడు, నిద్రపోతున్న మనిషిని లేపాలా వద్దా అని మంచం చుట్టూ తిరిగేవాడిలాగ. ముఖారి రాగం అనుకున్నాను. అంతలో కాదు. ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నాడో కనిపించలేదు. అది కనిపెట్టి, పోనీ అక్కడైనా తప్పుపట్టుదామని చాలాసేపు చూశాను. రత్నమ్మ దూరంగా గోడవారన నిలబడి ఉంది. ఈసారి ఆమె మాను వైపు పోలేదు.

దర్శకుడు నా చెవిలో, “ఎలా ఉంది?” అన్నాడు.

“శ్రుతి కాస్త ఎక్కువ” అన్నాను.

సెకన్లు, బిడ్డ

మునస్వామిని మద్రాసు రమ్మంటే కంకణం చూపించాడు. భారతానికి కంకణం కట్టుకున్నవాళ్లు అది విప్పేదాకా ఊరి పొలిమేర దాటకూడదు. పద్దెనిమిది రోజులయ్యేదాకా ఆగే వీలు మాకు లేదు. కాబట్టి మేమే బరువైన టేపు మిషనూ దాని ఇంజనీరూ సమేతంగా చిత్తూరు వచ్చాం. మండీ దగ్గరి సినిమా హాలును మ్యాట్నీకి ముందు అడిగి తీసుకున్నాం. ఫ్యాన్లు ఆపించాం. ఆఖరి రీలు తెర మీద వేస్తే, తెర కింద కూర్చుని మునస్వామి వాయించాలి.

నేను కాగితం మీద సెకన్లు రాసిచ్చాను. అతను దాన్ని రెండు చేతులతో తీసుకుని, కళ్లకద్దుకుని, మడిచి బొడ్లో దోపుకున్నాడు.

“సామీ, ఇందులో బిడ్డ వచ్చేది యాడ, పొయ్యేది యాడ?”

“నలభై రెండో సెకనుకు వస్తుంది. నేను చెయ్యి ఎత్తుతాను.”

“సెకన్లు మీరు సూసుకోండి. బిడ్డను నేను సూసుకుంటా.”

ఇంజనీరు నవ్వాడు. నేనూ నవ్వాను, ఆలస్యంగా.

భోజనం క్యారియరు తెచ్చిన రత్నమ్మ వెనక వరసలో కూర్చుంది. దీపాలు ఆపారు. తెర మీద సాయంత్రమైంది. నేను చెయ్యి ఎత్తకముందే, బిడ్డ ఇంకా కనిపించకముందే, మునస్వామి మాను కింద వాయించిందే ఎత్తుకున్నాడు. సరిగ్గా అప్పుడే బిడ్డ రావాలి అనిపించింది. బిడ్డ వచ్చింది. తండ్రి తల ఎత్తి చూశాడు. అక్కడ నేను సెల్లోలు, ఆ లావుగొంతు పెద్ద ఫిడేళ్లు, రాసుకున్నాను, దుఃఖం పొంగుతుందని. మునస్వామి అక్కడ ఆపేశాడు. ఏడు సెకన్లు, నా వాచీ ప్రకారం. హాల్లో ప్రొజెక్టరు గదిలోని గరగర తప్ప ఏమీ లేదు. తండ్రి ముఖం తనంతట తాను చదువుకుంటోంది. పెద్దాయన నాకు పద్నాలుగేళ్ల కిందట చెప్పింది, ఈ మనిషికి ఎవరూ చెప్పకుండానే తెలుసు.

రీలు అయిపోయింది. తెర తెల్లబడింది. చెయ్యి ఎత్తి ఆపమన్నాను. అతను కళ్లు మూసుకుని ఉన్నాడు. రాగం మారింది. మధ్యమావతికి దగ్గర, మనం కచేరీ ముగించే రాగం, అయితే ఆ మెరుగులేవీ లేకుండా, బిడ్డను వీధి చివరిదాకా మాట్లాడుకుంటూ నడిపించుకుపోతున్నట్టు. ఇంజనీరుకు ఆపమని సైగ చేశాను. అతను నావైపు చూడలేదు. రెండు నిమిషాల దాకా జరిగింది. అప్పటికి వాచీ చూడడం మానేశాను.

వెనక్కి తిరిగితే రత్నమ్మ లేచి నిలబడి ఉంది. కొంగు రెండు చేతులతో పరిచి పట్టుకుని ఉంది, మాను కింద ఆడవాళ్లు పట్టుకున్నట్టే. వాద్యం ఆగాక ఆ కొంగును మెల్లగా దులిపింది. నడుముకు దోపుకుని క్యారియరు తీసింది.

“అన్నం సల్లారిపోతాది. రండి” అంది. ఏడాదిలో ఆమె మాకు పెట్టిన భోజనాల్లో మాతోపాటు కూర్చుని తిన్నది ఆ రోజే.

మునస్వామిని అడిగాను, రీలు అయిపోయాక కూడా ఎందుకు వాయించావని.

“పిలిసినాం గదా సామీ. పంపకుండా ఎట్ల లేస్తాం? మా నాయన అట్ల నేర్పలేదే” అన్నాడు. పెరుగన్నం కలుపుకుని తిన్నాడు. ఎలా వాయించానని ఎవర్నీ అడగలేదు. అడిగి ఉంటే నేను కొంచెం క్షమించేవాణ్ణి.

ఇంజనీరు టేపు చుట్టుకుంటూ, “మాస్టారూ, ఈ రీలుకు మీ ఫిడేళ్లు ఇంక అక్కర్లేదేమో” అన్నాడు. దర్శకుడు, తెల్లతెర మీద ఆ రెండు నిమిషాలూ అలాగే పోనిద్దాం అన్నాడు. తెల్లతెర కింద నా పేరు ఉండదు కదా అని నాకు వెంటనే తోచింది. సంగీతం గురించి ఆ రోజు నాకు తోచిన ఆలోచన అదొక్కటే.

నేను చేసింది

మిక్సింగు సమయానికి దర్శకుడు కామెర్లతో చిత్తూరులో మంచం పట్టాడు. మద్రాసులో నిర్ణయాలు నా చేతికొచ్చాయి. నేను మునస్వామి ముక్కను నలభై సెకన్లకు తగ్గించాను. ఆ ఏడు సెకన్లలో సెల్లోలు నింపాను. తెర తెల్లబడ్డాక ఉన్నదంతా కోసేసి, పదహారు ఫిడేళ్ల శివరంజనితో ముగించాను.

కారణాలు మూడు చెప్పుకున్నాను. తెర తెల్లబడితే హాలువాళ్లు ఎలాగూ దీపాలు వేసేస్తారు. ముఖవీణ శ్రుతి మన వయొలిన్లతో కలవదు. తెల్లతెరను చూస్తూ జనం కూర్చోరు. మూడూ నిజాలే. చేయకూడని పనికి నిజమైన కారణాలు దొరికినంత సులువుగా ఇంకేదీ దొరకదు. అసలు కారణం: నేను మూడు నెలలు వెతికింది అతను ఒక పూటలో తెచ్చాడు, తెచ్చానని కూడా అనుకోలేదు.

కోసిన టేపులు మేం పారేసేవాళ్లం కాదు, తుడిచి మళ్లీ వాడేవాళ్లం. ఆ రెండు నిమిషాల మీద మరో సినిమాకు కోళ్ల దొంగ పారిపోయే హాస్య సన్నివేశం రికార్డయింది. అది బాగా వచ్చింది.

దర్శకుడు లేచి తిరిగాక అడిగాడు. టేపులో గరగర వచ్చిందన్నాను. మళ్లీ పట్టుకురమ్మని పంపాడు. మునస్వామి ఊరికి వెళ్లాను. భారతం అయిపోయింది, చేతికి కంకణం లేదు. చెనక్కాయ చేలో ఉన్నాడు. విషయం చెప్పాను.

“భారతం అయిపాయ గదా సామీ” అన్నాడు. “పిలిసేది, పంపేది ఆ దినాల్లోనే. ఇప్పుడు ఊరికే వాయిస్తే అది పాట అయితాది.”

బతిమాలవచ్చు. వచ్చే ఏటిదాకా ఆగమని దర్శకుడికి చెప్పవచ్చు. నేను రెండూ చేయలేదు. తిరుగు బస్సులో నాకు కిటికీ పక్క సీటు దొరికింది, గాలి కూడా బాగుంది అని గుర్తు. కొత్తగా వచ్చేవాళ్లకు చెప్పేదేమిటంటే, ఒక తప్పు చేసి తిరిగొస్తూ గాలి బాగుందనిపిస్తే, దిగి వెనక్కి పోండి.

మ్యాట్నీ

సినిమా మొదటిసారి అదే హాల్లో మ్యాట్నీకి పడింది. నా పేరు పెద్ద అక్షరాలతో పడింది. మా ఆవిడ చూసి, “పర్వాలేదు, కనిపిస్తోంది” అంది.

ఆఖరి రీల్లో ముఖవీణ వచ్చింది. నలభై సెకన్లు. హాల్లో వేరుసెనగల పొట్లాల చప్పుడు ఆగింది. ఆ నిశ్శబ్దం నాది కాదు, నాకు తెలుసు. తర్వాత నా ఫిడేళ్లు వచ్చాయి. జనం లేచారు, చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టారు. ఎక్కడో తుమ్ములు, పిల్లల్ని పిలవడాలు. నేను సంగీతం చేసిన ఒకే ఒక్క సినిమా చెప్పుల మధ్య ముగిసింది.

మునస్వామి వరండాలో కనిపించాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

“బలే ఉండాది సామీ. ఫిడేళ్లు దండిగా పెట్టినారు.”

అందులో వెటకారం ఉందేమోనని చాలా వెతికాను. ఉంటే నాకు సుఖంగా ఉండేది. అతనికి నా మీద అసూయ లేదు, కోపం లేదు. తను నాతో పోటీలో ఉన్నట్టు కూడా అతనికి తెలియదు. ఈ ముప్పై ఏళ్లలో నన్ను అంత అవమానించినవాడు లేడు.

నాయుడు బయట చుట్టాలతో మాట్లాడుతున్నాడు. హాల్లోంచి రత్నమ్మ చివరగా వచ్చింది. కొంగు ఇంకా రెండు చేతుల్లో ఉంది. దులపలేదు. నా ముందుకొచ్చి నిలబడింది.

“పిలిసింది ఉండాది” అంది. “తర్వాతది యాడ అన్నా?”

“టేపులో గరగర వచ్చిందమ్మా” అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూసింది. కోపంగా కూడా కాదు, దారి తప్పినవాణ్ణి ఊరేదని అడిగేటప్పుడు చూసినట్టు.

“నా బిడ్డను పిలిపిచ్చి, వాకిట్లోనే నిలబెట్టేసినావన్నా నువ్వు.”